కల్లవ్వ మూల

ఆ ఉదయం నింబెవ్వకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ మాటకొస్తే ఏ రోజు నిలిచింది గనక! ఆమె కొత్తకోడలుగా ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడే అత్తగారు, "కోడల్ని తెచ్చుకున్నామో సుడిగాలిని తెచ్చుకున్నామో" అని తల పట్టుకుందట. కాని ఇవాళ్టి తిరుగుడు ఆ తిరుగుడు కాదు. పెనం మీద జొన్నరొట్టె వేసి వీధి గుమ్మంలోకి వస్తుంది, సందు చివరిదాకా చూస్తుంది, మాడు వాసన ముక్కుకు తగిలాక లోపలికి పరుగెడుతుంది. మాడిన రొట్టె కుక్కకు పడేసి ఇంకొకటి తడుతుంది. అదీ మాడుతుంది. సందులో కుక్కకు ఇవాళ పండగ.

"గడప అరిగిపోతుందమ్మా" అంది కూతురు మహాదేవి, ఒళ్లో పసిదాన్ని ఊపుతూ. "కల్లవ్వ పెద్దమ్మ రాదు. వచ్చేదైతే ఈపాటికి వచ్చేది."

"నేనేమన్నా ఆమె కోసం చూస్తున్నానా? పాలాయన కోసం చూస్తున్నా."

"పాలాయన తెల్లారే వచ్చిపోయినాడు. గిన్నె పట్టింది నువ్వే."

నింబెవ్వ కూతురి వంక కొరకొరా చూసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

వసారాలో చాప మీద కౌది పరిచి ఉంది. పాత పంచెలూ చీరలూ పొరలుగా పేర్చి, పైన రంగురంగుల ముక్కలు అతికి, అంచు నుంచి నడిమికి వరసలు వరసలుగా కుట్టుకొచ్చిన బొంత. మహాదేవి ఏడోనెలలో పుట్టింటికి వచ్చినప్పుడు మొదలుపెట్టారు. లోపలి పొరల్లో నింబెవ్వ మొగుడి పంచెలు, పైన ఆమె అత్తగారి ఇలకల్లు చీర, హుసేన్‌బీ ఇచ్చిన ఓణీ, చంపవ్వ ఎక్కడినుంచో పట్టుకొచ్చిన బడిపిల్లల యూనిఫాం గుడ్డ. నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలల్లో కూర్చుని తలొక రంగు దారంతో మొదలుపెట్టారు. కల్లవ్వది ఎరుపు, నింబెవ్వది ఆకుపచ్చ, హుసేన్‌బీది పసుపు, చంపవ్వది నీలం. ఇప్పుడు నడిమిన రెండు అరచేతులంత చోటు మిగిలింది. అంతే మిగిలింది.

ఎల్లుండి మహాదేవి బిడ్డనెత్తుకుని బైలహొంగలలోని అత్తవారింటికి పోతుంది. పుట్టింటి గడప తొలిసారి దాటే బిడ్డతోపాటు ఉయ్యాలతొట్టీ కౌదీ పోవాలి. తొట్టి మేనమామ కొనిచ్చాడు. కౌది కొంటే వచ్చేది కాదు. నాలుగు మూలలూ మొదలుపెట్టిన చేతులే నడిమిన కలిసి ముగించాలి. అందులో ఒక్క చెయ్యి తగ్గినా అది మూల తెగిన కౌది. దాన్ని పెద్దవాళ్లు కప్పుకుంటే కప్పుకోవచ్చుగాని పసిబిడ్డ కింద ఎవరూ పరచరు. పరిస్తే బిడ్డకు నిద్ర పట్టదని ఊరంతా నమ్ముతుంది. నింబెవ్వ అందరికంటే ఎక్కువ నమ్ముతుంది. ఊళ్లో ఎంతమంది కోడళ్లకు తనే గదమాయించి చెప్పింది కాదూ!

తగ్గిన చెయ్యి కల్లవ్వది. ఆమె రానంటోంది. ఎందుకు రానంటోందో ఊరికంతా తెలుసు.

జొన్నకోతలు అయిపోయాక ఆ వసారాలో మధ్యాహ్నాలు ఎంత బాగుండేవి! మగవాళ్లు తిని నడుం వాల్చగానే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. ఒకామె కొంగులో బొరుగులు, ఇంకొకామె గిన్నెలో శనగచట్నీ. చాప నాలుగు వైపులా కాళ్లు చాపుకుని, కౌదిని తొడల మీదికి లాక్కుని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాళ్లు కాదు. చంపవ్వ నోరు తెరిస్తే నవ్వులే.

"మా ఆయన నిద్రలో ఈ గోడ నుంచి ఆ గోడకు దొర్లుతాడు. ఆయనకు కౌది కుట్టాలంటే సంతబయలంత కుట్టాల" అనేది.

"ఆయన అట్ల దొర్లితే నువ్వు యాడ పడుకుంటావే?" అని కల్లవ్వ అడిగేది.

"నేనా? ఆయన దొర్లని చోట."

"అట్లాంటి చోటే ఉంటే ఆరుగురు పిల్లలు ఎట్ల పుట్టినారే!"

హుసేన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నింబెవ్వ నవ్వుతూనే సూదిని పరుగెత్తించేది. కూర్చోమంటే కూర్చోలేని మనిషి సూది పట్టుకుంటే మాత్రం కుదురుకునేది. కాళ్ల బదులు చేతులు పరుగెత్తేవి, అంతే తేడా. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఆవగింజను కూడా దూరనివ్వదని ఆమెకు పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఆ కుట్టు నేర్పింది కల్లవ్వే. కొత్తకోడలు నింబి చీటికీ మాటికీ పుట్టింటి దారి పడుతుంటే, సందు మొగలో ఆపి, చేతికి సూది ఇచ్చి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పటినుంచీ వీళ్లిద్దరూ కలిసి కుట్టని కౌది ఆ వీధిలో లేదు.

ఈమధ్య కల్లవ్వ తీరు మారింది. సూదిలోకి దారం తను ఎక్కించుకోవడం మానేసింది. హుసేన్‌బీ ఎక్కించి ఇస్తే అందుకునేది. "మా అక్క దొరసాని అయింది, పనిమనిషిని పెట్టుకుంది" అని నింబెవ్వ వేళాకోళమాడితే బదులిచ్చేది కాదు. ఆమె వరసలు కూడా ఎడం ఎడంగా పడసాగాయి. మూల దగ్గర ముత్యాల్లా ఉన్న కుట్లు నడిమికి వచ్చేకొద్దీ ఎద్దు అడుగులైపోయాయి. వాటిని చూస్తే నింబెవ్వకు ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. బైలహొంగల వియ్యపురాలు ఏ గుడ్డనైనా వెలుతురులో పట్టి చూసే రకం. ఊళ్లో అందరి మనవళ్లకూ శ్రద్ధగా కుట్టి, తన మనవరాలి దగ్గరికి వచ్చేసరికి కల్లవ్వ చెయ్యి దులిపేసుకుంటోందని నింబెవ్వ అనుకుంది. అనుకుని లోలోపల ఉడికిపోయింది.

గొడవ జరిగిన రోజు ఎండ దంచుతోంది. పసిది పొద్దుటి నుంచీ ఒకటే ఏడుపు. ప్రయాణం వారం ముందుకు జరిపామని వియ్యంకుడు ఫోన్ చేశాడు. నింబెవ్వ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని కుడుతూ, పక్కకు తిరిగి కల్లవ్వ అప్పుడే వేసిన వరస చూసింది. నాలుగు కుట్లకే జానెడు దాటిపోయింది. ఇంకేమీ ఆలోచించలేదు. చేతిలో ఉన్న బ్లేడు ఆ ఎర్రదారం కింద దూర్చి సర్రున లాగింది. వరసంతా ఊడి వచ్చింది.

"ఇట్ల వేసేదానికన్నా వెయ్యకపోతేనే మేలు కదక్కా" అంది.

నోరు జారింది అనడానికి లేదు. నోటికన్నా ముందు చెయ్యే జారింది.

వసారాలో చప్పుడు ఆగిపోయింది. చంపవ్వ నోరే ఆగిపోయిందంటే చూసుకోండి. కౌది దగ్గర ఎవరి కుట్టు వాళ్లే విప్పుకోవాలి. పక్కమనిషి కుట్టు విప్పడమంటే ఆమె కంచంలోంచి ముద్ద లాక్కోవడమే. ఇంతకాలంలో ఎవరూ ఆ పని చేయలేదు. కల్లవ్వ చేత్తో నేల తడుముకుంటూ లేచి నిలబడింది.

"నలుగురి ముందర నా చెయ్యి నరికినావు నింబీ" అంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆ ఎండలోనే ఇంటికి పోయింది.

మొదట రెండు రోజులు నింబెవ్వ ఒంటికాలి మీద లేచింది. "ఏమన్నాననీ? ఉన్నమాట అన్నాను. చెల్లెలు ఒకమాట అంటే పడకూడదా?" అని గోడకూ, పొయ్యికీ, మొగుడికీ చెప్పింది. మొగుడు మాత్రం, "నీ నోటి సంగతి నాకెందుకులే, నేను చేనికి పోతున్నా" అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆ తరువాత కోపం దిగిపోయి దాని చోట దిగులు వచ్చి కూర్చుంది. అన్నం సయించదు. పడుకుంటే నడుం నేలకు ఆనదు. హుసేన్‌బీని రాయబారం పంపింది. "నాకు సూదీ లేదు, దారమూ లేదు. ఆమెకు ఒంటిచేత్తో ముగించే సత్తా ఉంది కదా, ముగించుకోమను" అని జవాబు వచ్చింది. కజ్జికాయల్లాంటి కరిగడుబులు చేసి గిన్నెనిండా పంపింది. మూత కూడా తీయకుండా గిన్నె పంపినట్టే తిరిగి వచ్చింది. ఆ చల్లారిన కరిగడుబులను చూసి నింబెవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

చంపవ్వ ఇంకో ఉపాయం చెప్పింది. "ఎర్రదారం తెచ్చి నడిమిన నువ్వే నాలుగు కుట్లు వేసెయ్. బైలహొంగలోళ్లకు దారం మీద పేర్లు కనపడతాయా?"

నింబెవ్వ ఆ పనీ చేయబోయింది. చేయబోయిందనే చెప్పాలి, దాచేదేముంది. ఎర్రదారం ఎక్కించి, కౌది ముందర వేసుకుని, సూదిని గుడ్డకు ఆనించింది కూడా. అప్పుడే పసిది లోపల కెవ్వుమంది. రోజుకు నూరుసార్లు కేకలు పెట్టే పిల్లే, కాని నింబెవ్వకు గుండె గుభేలుమంది. సూదిని గోడకు గుచ్చి లేచిపోయింది. మళ్లీ ఆ పనికి చెయ్యి రాలేదు.

ఇదంతా జరిగి, ఇప్పుడు ఎల్లుండే ప్రయాణం. ముచ్చటగా మూడో రొట్టె కూడా మాడాక నింబెవ్వ పొయ్యిలో నీళ్లు చల్లేసింది. వసారాలోకి వచ్చి కౌదిని చుట్టచుట్టి నెత్తికెత్తుకుంది.

"యాడికి?" అంది మహాదేవి.

"కల్లక్క ఇంటికి."

"మొహమ్మీద తలుపు వేస్తుంది చూడు."

"వేస్తే తలుపు ముందర కూర్చుంటా. రొట్టెలు చంపవ్వత్త ఇంట్లో తెచ్చుకుని తినండి."

పక్కింటి గుమ్మంలో నిలబడి హుసేన్‌బీని కేకేసింది. హుసేన్‌బీ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, నెత్తి మీద ఉన్నది చూసి నిట్టూర్చింది.

"ఇప్పుడా నింబక్కా? ఎండ నెత్తిమీదుంది."

"నా నెత్తిమీద కౌది ఉంది. నువ్వు నా నీడలో నడువు."

సందు మలుపు తిరిగాక హుసేన్‌బీ నసుగుతూ, "ఆమె ఏమన్నా ఎదురు చెప్పొద్దు" అంది.

"చెప్పను."

"నోరే తెరవొద్దు."

"తెరవనంటున్నా కదే!"

"ఇప్పుడు తెరిచిందేమి మరి?" అని, హుసేన్‌బీ ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. నింబెవ్వ అప్పటికే పది అడుగులు ముందు ఉంది.

కల్లవ్వ ఇంటి ముందర ఆమె కోడలు అంట్లు తోముతోంది. వీళ్లను చూసి బూడిద చేత్తోనే లోపలికి చూపించింది. "ఉంది పోండి. మొన్న చారులో ఉప్పుకు బదులు సోడా వేసింది. చెయ్యి నిలవడం లేదు, ఇంక పొయ్యి దగ్గరికి రావొద్దత్తా అంటే వింటుందా? మీరైనా చెప్పండి. ఇంకొక్కసారి ఇట్ల చేస్తే ఆయనతో చెప్పి ఆ మూలన మంచం వేయిస్తా, కూర్చుని తింటుంది" అంది. లోపలికి వినపడాలనే గట్టిగా అంది.

నడవలో గోడకు ఆనుకుని కల్లవ్వ కూర్చుని ఉంది. చేటలో కందిపప్పు వేసుకుని వేళ్లతో కదుపుతోంది.

"ఎవరూ?" అంది.

నింబెవ్వకు చురుక్కుమంది. నిలువెత్తు మనిషి నెత్తిన ఇంత మూట పెట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎవరని అడగడమా! అయినా మింగుకుంది.

"నేనక్కా."

"ఊర్లో ఎవరినడిగినా నేనే అంటారు."

"నింబిని."

"ఓహో, ఆవగింజమ్మా! ఏం, దారి తప్పినావా?"

నింబెవ్వ కౌదిని దించి, ఆమె ముందర చతికిలబడింది. "తప్పయిందక్కా. నా చెయ్యి విరిగిపోను. ఎల్లుండి బిడ్డ పోతా ఉంది. నువ్వు రాకుంటే ఆ కౌది పనికిరాదు. నన్ను కొట్టు, తిట్టు, రానని మాత్రం అనొద్దు" అని గడగడా అంది. దారి పొడుగునా నేర్చుకొచ్చిన మాటలు వేరు, వచ్చినవి ఇవి.

కల్లవ్వ చేట పక్కన పెట్టింది. "నలుగురి ముందర విప్పి, ఇంట్లో దూరి చెవిలో తప్పయిందంటే సరిపోతుందా?"

"ఏం చేయమంటావో చెప్పు."

"నా వరస నువ్వు విప్పినావు. నీ వరస నేను విప్పుతా. హుసేన్ ఉంది, నా కోడలుంది. వీళ్ల ముందర విప్పుతా. అట్లయితే వస్తా నడిమికి."

నింబెవ్వకు తల తిరిగింది. ఉన్నది ఒకటిన్నర రోజు. విప్పింది మళ్లీ కుట్టాలి, పైగా అత్తగారి చీర మీద తను వేసిన ఆ ఆకుపచ్చ వరసలంటే తనకెంత గర్వం! కాని వద్దంటే ఈ మనిషి ఇక రాదు. ఈ పూటకే కాదు, ఎప్పటికీ రాదు. మధ్యాహ్నాలు ఆ వసారాలో కల్లక్క కూర్చునే ఎడంవైపు ఎప్పటికీ ఖాళీగా ఉంటుంది. కౌది మాట అలా ఉంచి, ఆ ఖాళీ తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడలేదు.

"విప్పు" అంది.

హుసేన్‌బీ కౌది పరిచింది. కల్లవ్వ అంచు పట్టుకుని ముందుకు లాక్కుని, వేలి కొసలతో వరసల వెంబడి రాసుకుంటూ పోయింది. ఒకచోట ఎడం కుట్లు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకోచోట ముడి తగిలితే పెదవి విరిచింది. మూల దాకా వచ్చాక వేళ్లు ఆగిపోయాయి. అటూ ఇటూ రెండుసార్లు నిమిరింది.

"ఇదో, దొరికింది. ఆవగింజ కూడా దూరని కుట్టు. నీది కాక ఇంకెవరిది?" అని బ్లేడు తీసి దారం కింద దూర్చి లాగింది.

ఎర్రదారం వచ్చింది.

నింబెవ్వ కళ్లు నులుముకుని చూసింది. ఎరుపే. ఆ మూల కల్లవ్వదే. మహాదేవి ఏడోనెలలో ఉన్నప్పుడు, ఇంకా కోతలు మొదలుకాకముందు, కల్లవ్వ కూర్చుని కుట్టిన మూల. పొరపాటు పడింది, చెబుదామని తలెత్తి ఆమె మొహం చూసింది. కల్లవ్వ చూపు కౌది మీద లేదు. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు వైపు మొహం పెట్టుకుని, ఇంకెక్కడో చూస్తూ, వేళ్లతో మాత్రం తరువాతి కుట్టు వెతుక్కుంటోంది.

హుసేన్‌బీ ఎక్కించి ఇచ్చిన సూదులు, ఎడమైపోయిన వరసలు, నేల తడుముకుంటూ లేవడం, చారులో సోడా, ఇందాకటి "ఎవరూ". అన్నీ ఒక్కసారి నింబెవ్వ కళ్లముందుకొచ్చి నిలబడ్డాయి. ఇంతకాలం పక్కనే కూర్చుని చట్నీ గిన్నెలు మార్చుకుంటూ, కుట్టు చూసిందిగాని మనిషిని చూడలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది.

"అక్కా" అంది.

"ఏమి?"

కోడలు తోమిన బిందె చంకన పెట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమైంది?" అంది. ఎవరి దారం ఏ రంగో ఆమెకు తెలియదు. చెబితే తెలుస్తుంది. చెబితే ఆ మూలన మంచం ఇవాళే పడుతుంది. చెప్పకపోతే కల్లవ్వ చెయ్యి బాగున్న రోజుల్లో కుట్టిన కుట్టు, ఇక ఆ చేతికి ఎప్పటికీ రాని కుట్టు, ఆమె చేత్తోనే ఊడిపోతుంది.

హుసేన్‌బీ వెనకనుంచి నింబెవ్వ రెక్క పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. ఆమెకు ముందే తెలుసన్న మాట.

"ఏమీ లేదు. తొందరగా విప్పమంటున్నా" అంది నింబెవ్వ.

"తొందరేం లేదు. నాకు బాగుంది" అంది కల్లవ్వ.

సర్రుమని ఇంకో వరస. ఇంకోటి. నింబెవ్వ చేతులు ముందుకు పోబోతుంటే వాటిని తొడల కింద పెట్టుకుని వాటిమీదే కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతులు అంతసేపు ఊరుకున్నది లేదు. పళ్లు బిగించింది. ఆపమని అరవాలనిపించింది, లేచి వీధిలో పడి పరుగెత్తాలనిపించింది. ఏదీ చేయలేదు. ఎర్రదారం తునకలు ఒక్కొక్కటే ఆమె మోకాళ్ల ముందర పడుతున్నాయి.

"నొప్పిగా ఉందా?" అంది కల్లవ్వ.

"ఉందక్కా."

"ఉండాల. నాకూ ఉండింది."

ఇంకో వరస సగం విప్పి ఆమె చెయ్యి నిదానించింది. బ్లేడు పక్కన పెట్టి, మిగిలిన సగాన్ని బొటనవేలితో నిమురుతూ కూర్చుంది. కోడలు విసుగుపుట్టి పెరట్లోకి పోయింది.

"ఎంత బాగా కుట్టినావే" అంది కల్లవ్వ మెల్లగా. "విప్పడానికి కూడా చెయ్యి రావడం లేదు. ఒకప్పుడు నాదీ ఇట్లనే నడిచేది. నీకు గుర్తుందో లేదో."

గుర్తుందన్నట్టు నింబెవ్వ తలూపింది.

"నేర్పినప్పుడు అనుకోలేదు. నన్ను మించిపోయినావు నింబీ. ఒప్పుకుంటా ఉన్నా."

నింబెవ్వ భోరుమంది. ఆపుకుందామంటే ఆగలేదు. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"అయ్యో, నాలుగు వరసలకే ఇంత ఏడుపా! ఊరుకోవే. నా కడుపు చల్లబడింది, ఇంక విప్పను" అని కల్లవ్వ చెయ్యి చాపి, గాలిలో ఒకసారి తడుముకుని, ఆమె తల దొరికించుకుని నిమిరింది. "సాయంత్రం నడిమికి వస్తా. విప్పిన చోట మాత్రం నువ్వే కుట్టుకో. నాకు అంత కుట్టు చేతకాదు."

హుసేన్‌బీ సూదిలోకి ఎర్రదారం ఎక్కించి నింబెవ్వ చేతికిచ్చింది.

ఇలకల్లు చీర బాగా పాతది. దారం ఊడినా సూది పోయిన చోటల్లా చిన్న చిన్న రంధ్రాలు అలాగే మిగిలాయి. నింబెవ్వ కళ్లు తుడుచుకుని కౌదిని ఒళ్లోకి లాక్కుంది. మొదటి రంధ్రంలో సూది దించి, పక్క రంధ్రంలోంచి పైకి తీసింది. చెయ్యి అలవాటుకొద్దీ పరుగెత్తబోయింది. పరుగెత్తితే రంధ్రం తప్పుతోంది. కల్లవ్వ ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుందో అక్కడే తనూ ఆగాల్సి వస్తోంది.

కల్లవ్వ చేట మళ్లీ ముందరికి జరుపుకుంది. దారం గుడ్డలోంచి లాగుతున్న చప్పుడు కాసేపు విని, "ఎందుకే అంత హడావిడి? నిమ్మళంగా కుట్టు" అంది.

"నిమ్మళంగానే కుడతా ఉన్నానక్కా" అంది నింబెవ్వ, తరువాతి రంధ్రం వెతుక్కుంటూ.